నవాసారం కరిగిస్తే 14.8 రావాలి, నాకు 11.5 వస్తోంది. తప్పెక్కడ?

#1 ఎంపీసీ_చిన్నోడు
ఇవాళ ల్యాబ్‌లో ద్రావణ ఎంథాల్పీ (ఉప్పు కరిగేటప్పుడు తీసుకునే లేదా వదిలే వేడి) ప్రయోగం చేశాం. 250 మి.లీ. గాజు బీకర్‌లో 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ తీసుకున్నాను. అమ్మోనియం క్లోరైడ్, అంటే నవాసారం, 10.7 గ్రాములు తూచాను. అణుభారం 53.5 కాబట్టి సరిగ్గా 0.2 మోల్. ఒక్కసారిగా వేసి గాజు కడ్డీతో కలిపాను. ముందు 29.5 డిగ్రీలు, మొత్తం కరిగాక 24.0. తేడా 5.5.

లెక్క (నీళ్ల బరువు × విశిష్టోష్ణం × డిగ్రీల తేడా): 100 × 4.18 × 5.5 = 2299 జౌళ్లు. 0.2తో భాగిస్తే మోల్‌కి 11.5 కిలోజౌళ్లు. పుస్తకంలో +14.8 ఉంది.

మా బ్యాచ్‌లో నలుగురం. ముగ్గురు 14.8 వచ్చేలా రీడింగ్ మార్చి రాసేశారు. నాకు అలా రాయబుద్ధి కావట్లేదు. సోమవారం రికార్డు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. లెక్కలో తప్పు ఉందా, ప్రయోగంలోనా?

ఇంకో డౌట్. నీళ్లు చల్లబడ్డాయంటే వేడి పోయినట్టే కదా? మరి ప్లస్ గుర్తు ఎందుకు పెడతారు?

#2 సాల్ట్_అనాలిసిస్
నీళ్ల బరువు కాదు, ద్రావణం బరువు వేయాలి. 110.7 × 4.18 × 5.5 = 2545. 0.2తో భాగిస్తే 12.7. మూడో వంతు తేడా ఇక్కడే తీరిపోయింది చూడు.

#3 గోదారి_గట్టు
మా పుస్తకంలో నీళ్ల బరువే వేశారు. ద్రావణం బరువు వేయాలని ఎక్కడుంది?

#4 సాల్ట్_అనాలిసిస్
పుస్తకం పక్కన పెట్టండి. 29.5 నుంచి 24కి దిగింది నీళ్లొక్కటేనా? అందులో కరిగి ఉన్న ఉప్పు కూడా దిగింది కదా. దాన్ని ఎలా వదిలేస్తాం?

#5 గోదారి_గట్టు
వదలమని కాదు. 4.18 అనేది నీళ్ల విశిష్టోష్ణం, అంటే గ్రాము నీళ్లని ఒక డిగ్రీ మార్చడానికి అయ్యే వేడి. ఉప్పునీళ్లది కాదు. ఉప్పుకి కూడా 4.18 వేస్తే అది ఇంకో తప్పు.

#6 రిటైర్డ్_మాస్టారు
మీ ఇద్దరి వాదన తర్వాత చూద్దాం. ముందు పిల్లవాడి గుర్తు సంగతి తేలాలి. 34 ఏళ్లు పాఠం చెప్పాను, ఏటా సగం క్లాసు ఇక్కడే జారిపడేది.

బాబూ, ఇక్కడ రెండు ఖాతాలున్నాయి. ఒకటి ఉప్పు ఖాతా, రెండోది నీళ్ల ఖాతా. థర్మామీటర్ ఉన్నది నీళ్లలో, కాబట్టి అది చెప్పేది నీళ్ల ఖాతా సంగతే. నీళ్లు చల్లబడ్డాయి, ఆ ఖాతాలోంచి 2299 జౌళ్లు ఖర్చయ్యాయి, అక్కడ మైనస్. అవి వెళ్లింది ఎక్కడికి? ఉప్పు ఖాతాలోకి. మనం రాసే డెల్టా హెచ్ (ఎంథాల్పీ మార్పు) ఉప్పు కరగడం అనే చర్యది. ఆ ఖాతాకి జమ అయింది కాబట్టి ప్లస్. ఉష్ణగ్రాహక చర్య అంటే అదే, చర్య వేడిని గ్రహించింది, చుట్టూ ఉన్న నీళ్లు ఇచ్చుకున్నాయి.

ఎందుకు గ్రహించిందంటే, స్ఫటికంలో అమ్మోనియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. విడదీయాలంటే శక్తి పెట్టాలి, అది జాలక ఎంథాల్పీ. విడిపోయిన అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు శక్తి బయటికొస్తుంది, అది ఆర్ద్రీకరణ ఎంథాల్పీ. మన వంటింటి ఉప్పు తీసుకో. విడదీయడానికి మోల్‌కి 788 కిలోజౌళ్లు కావాలి. తిరిగి వచ్చేది 784. తేడా 4. అంత పెద్ద అంకెల మధ్య మిగిలింది నాలుగే. అందుకే పప్పులో ఉప్పేస్తే చల్లబడినట్టు ఎవరికీ తెలియదు. నవాసారంలో ఆ తేడా 14.8, అందుకే నీకు తెలిసింది.

#7 నిమ్మసోడా
నవాసారం అంటే కళాయి పూసేవాళ్లు వాడేదేనా? మా వీధిలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడానికి వచ్చేవారు. ఎర్రగా కాలిన గిన్నెలో తెల్ల పొడి చల్లితే గుప్పున పొగ లేచేది. దగ్గు వచ్చేది కానీ చూడకుండా ఉండలేకపోయేవాళ్లం.

#8 రిటైర్డ్_మాస్టారు
అదే. అమ్మోనియం క్లోరైడ్. గిన్నె మీద ఉన్న ఆక్సైడ్ పొరను తీసేస్తుంది, అప్పుడు తగరం పట్టుకుంటుంది.

#9 ఎంపీసీ_చిన్నోడు
మాస్టారూ, రెండు ఖాతాల మాట బాగా ఎక్కింది. ఇప్పటిదాకా గుర్తును బట్టీ పట్టాను.

మరి వేడి తీసుకోవాల్సి వస్తే ఉప్పు అసలు ఎందుకు కరుగుతుంది? ఎవరూ వేడి చేయట్లేదు కదా?

#10 కోచింగ్_లెక్చరర్
ఎంట్రపీ. స్ఫటికంలో వరసగా కట్టేసి ఉన్న అయాన్లు నీళ్లంతా పరుచుకుంటాయి. ఆ చెల్లాచెదురుతనం వల్ల వచ్చే లాభం వేడి నష్టం కంటే ఎక్కువైతే చర్య తనంతట తానే జరుగుతుంది. ఎంట్రపీ పాఠానికి వెళ్లక ముందే ఈ ప్రశ్న వచ్చిందంటే మంచి విషయం.

పరీక్ష మాట కూడా చెప్తాను. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి వాటిలో ప్రశ్నలోనే "ద్రావణం విశిష్టోష్ణం నీటితో సమానం అనుకోండి" అని ఇస్తారు. అప్పుడు ద్రావణం మొత్తం బరువు వేయాలి. ఏమీ ఇవ్వకపోతే ఏం అనుకున్నావో ఒక లైన్ రాసి లెక్క చెయ్యి.

#11 ల్యాబ్_వెంకన్న
నేను లెక్చరర్‌ని కాదు, కాలేజీ ల్యాబ్‌లో అటెండర్‌గా 28 ఏళ్లు చేశాను. అందరూ నీళ్లు, ఉప్పు అంటున్నారు. బీకర్ మాట ఒక్కరూ అనలేదు.

బాబూ, ఆ బీకర్ అడుగు తాకి చూశావా? చల్లగా తగిలి ఉంటుంది. గాజు కూడా చల్లబడింది, అంటే అది కూడా వేడి ఇచ్చింది. 250 బీకర్ నూరు గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. ఆ వేడిని నువ్వు లెక్కలో వేయలేదు.

ఎంత వేయాలో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. అదే బీకర్‌లో 50 మి.లీ. మామూలు నీళ్లు పొయ్యి. ఐదు నిమిషాలు ఆగి ఉష్ణోగ్రత చూడు. ఇంకో 50 మి.లీ. 50 డిగ్రీలకు వేడి చేసి అందులో కలుపు. బీకర్ ఏమీ తాగకపోతే రెండింటికీ సరిగ్గా మధ్యలో ఆగాలి. ఎంత తక్కువలో ఆగిందో అంత బీకర్ తాగిందన్నమాట.

#12 సూర్యాపేట_రైతుబిడ్డ
ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వరికి 2 శాతం యూరియా స్ప్రే చేసేటప్పుడు ముందు 2 కేజీల యూరియాని 10 లీటర్ల బకెట్‌లో కరిగించి, తర్వాత 100 లీటర్ల డ్రమ్ములో పోస్తాం. ఆ బకెట్‌లో చెయ్యి పెడితే ఫ్రిజ్ నీళ్లలా ఉంటది. బకెట్ బయట చెమట పడతది. మా నాయన "యూరియా చలవ చేస్తది" అంటాడు. ఇది కూడా ఇదేనా?

#13 సాల్ట్_అనాలిసిస్
యూరియా లవణం కాదు అన్నా. అయాన్లుగా విడిపోదు.

#14 రిటైర్డ్_మాస్టారు
లవణం కాకపోయినా లెక్క మారదు. యూరియా అణుభారం 60. 2 కేజీలంటే 33.3 మోల్‌లు. మోల్‌కి సుమారు 15 కిలోజౌళ్లు గ్రహిస్తుంది, మొత్తం 500 కిలోజౌళ్లు. బకెట్‌లో ఉన్నది 12 కేజీల ద్రావణం, 12 × 4.18 = 50. 500ని 50తో భాగిస్తే 10 డిగ్రీలు. 30 డిగ్రీల బోరు నీళ్లు 20కి దిగుతాయి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బకెట్‌కి చెమట పడుతుంది. మీ నాయనగారు చెప్పింది నిజమే.

#15 సూర్యాపేట_రైతుబిడ్డ
డ్రమ్ములో పోశాక మాత్రం తెల్వదు సార్. మామూలుగనే ఉంటది.

#16 రిటైర్డ్_మాస్టారు
అదే 500 కిలోజౌళ్లు ఇప్పుడు 102 కేజీల మీద పంచుకోవాలి. 1.2 డిగ్రీలు. చేతికి తెలియదు.

ఈ తేడా గమనించు చిన్నోడా. వేడి ఒకటే, ఉష్ణోగ్రత తేడా వేరు. థర్మామీటర్ చూపించేది వేడిని కాదు. బరువుతో గుణించి మనం వేడిని రాబట్టుకోవాలి.

#17 సబ్బుల_అక్క
నాది మీకు పూర్తి రివర్స్ కేసు. ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతాను. మొదట్లో తెలియక 100 గ్రాముల కాస్టిక్ సోడాని పావు లీటరు నీళ్లలో కలిపాను, ప్లాస్టిక్ మగ్గులో. మగ్గు అడుగు మెత్తబడి వంగిపోయింది, ముక్కులు మండిపోయాయి. వంటగది థర్మామీటర్ 85 చూపించింది. స్టవ్ వెలిగించకుండా 85! ఇప్పటికీ తలచుకుంటే భయం. ఆ రోజు పాప పక్కనే ఆడుకుంటోంది.

దీన్ని ముందే లెక్క కట్టొచ్చా?

#18 కోచింగ్_లెక్చరర్
కట్టొచ్చు అక్కా. 100 గ్రాములంటే 2.5 మోల్‌లు. సోడియం హైడ్రాక్సైడ్ కరిగితే మోల్‌కి 44.5 కిలోజౌళ్లు బయటికొస్తాయి. మొత్తం 111. ద్రావణం 350 గ్రాములు, 350 × 4.18 = 1463 జౌళ్లకు ఒక డిగ్రీ. అంటే 76 డిగ్రీలు పెరగాలి. 30 నుంచి మొదలైతే 106. కాగితం మీద అయితే నీళ్లు మరిగిపోవాలి. నిజంగా అంత చిక్కటి ద్రావణానికి 44.5 కొంచెం తగ్గుతుంది, మగ్గు కొంత తాగుతుంది, ఆవిరితో కొంత పోతుంది. అందుకే 85 దగ్గర ఆగింది.

#19 ల్యాబ్_వెంకన్న
అక్కా, ఎప్పుడూ నీళ్లలో సోడా వేయండి, కొంచెం కొంచెంగా. సోడా మీద నీళ్లు పోయకండి. పోస్తే ఆ మొదటి చెంచా నీళ్లకే వేడంతా తగిలి చిమ్ముతుంది. స్టీలు గిన్నె వాడండి. అల్యూమినియం అసలు వద్దు, సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

#20 సబ్బుల_అక్క
ఇప్పుడు స్టీలే వాడుతున్నాను. గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో పెట్టి చేస్తాను. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను.

#21 నిమ్మసోడా
ఒక డౌట్. పుల్ల ఐసు బండి వాళ్లు ఐసు గడ్డల్లో కళ్లుప్పు పోసేవారు కదా, అది కూడా ఉప్పు కరగడం వల్ల వచ్చే చల్లదనమేనా?

#22 గోదారి_గట్టు
అవును, అదే.

#23 రిటైర్డ్_మాస్టారు
కాదండీ. మామూలు ఉప్పు కరిగితే మోల్‌కి 4 కిలోజౌళ్లే అని పైన #6లో రాశాను. గ్రాముకి 70 జౌళ్లు కూడా లేవు. అక్కడ చల్లదనం తెచ్చేది ఐసు కరగడం. గ్రాము ఐసు కరగాలంటే 334 జౌళ్లు కావాలి. ఉప్పు తగిలితే ఐసు సున్నా డిగ్రీల కింద కూడా కరుగుతుంది, కరుగుతూ వేడి లాగేసుకుంటుంది. ఆ మిశ్రమం మైనస్ 21 దాకా దిగగలదు. ఉప్పు పని తలుపు తీయడం వరకే.

#24 గోదారి_గట్టు
సరే సార్, ఇది నాకు తెలియదు. ఇన్నాళ్లూ పిల్లలకి తప్పు చెప్పాను. రేపే సరిచేస్తాను.

#25 న్యూజెర్సీ_తెలుగు
ఇక్కడ చలికాలంలో ఇంటి ముందు మంచు కరగడానికి కాల్షియం క్లోరైడ్ గుళికలు చల్లుతాం. తడి గ్లౌజుతో పట్టుకుంటే అరచేతిలో వేడి తెలుస్తుంది. మొన్న మా అబ్బాయికి ఆటలో కాలు బెణికితే కోచ్ ఒక ప్యాకెట్ పిండి ఇచ్చాడు. లోపల నీళ్ల సంచి పగిలి నిమిషంలో ఐసులా అయిపోయింది. వెనక చదివితే యూరియా అని రాసుంది. సూర్యాపేట తమ్ముడి బకెట్టే, చిన్న సైజులో!

#26 సాల్ట్_అనాలిసిస్
కాల్షియం క్లోరైడ్‌తో జాగ్రత్త. నేను డిగ్రీలో దాంతోనే దెబ్బతిన్నాను. నిర్జలం (నీటి అణువులు లేని రకం) అనుకుని 11.1 గ్రాములు, అంటే 0.1 మోల్ తీసుకున్నా. మోల్‌కి 81 కిలోజౌళ్లు వదలాలి, 100 గ్రాముల నీళ్లు 19 డిగ్రీలకు దగ్గరగా వేడెక్కాలి. నాకు 7 కూడా రాలేదు. మూడుసార్లు చేశాను, ఏడుపొచ్చింది. చివరికి డబ్బా మీద చిన్న అక్షరాల్లో డైహైడ్రేట్ (రెండు నీటి అణువులున్న రకం) అని ఉంది. పైగా మూత సరిగ్గా లేక గడ్డకట్టి ఉంది.

నీళ్లు ముందే పట్టుకుని కూర్చున్న ఉప్పు, కొత్త నీళ్లు దొరికినా అంత వేడి వదలదు. ఆరు నీటి అణువులున్న రకం అయితే కరిగినప్పుడు చల్లబడుతుంది కూడా. ఒకే ఉప్పు, ఒకటి వేడి, ఒకటి చల్లన.

#27 తెల్లపొడి
మయిలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కూడా అంతే. నీలం స్ఫటికాలు కరిగిస్తే మోల్‌కి +11.7. వాటినే పింగాణీ గిన్నెలో కాల్చి తెల్లపొడి చేసి కరిగిస్తే మైనస్ 66.5. రెండింటి తేడా మైనస్ 78.2. తెల్లపొడి ఐదు నీటి అణువుల్ని పట్టుకుని నీలంగా మారేటప్పుడు వచ్చే వేడి అది. నేరుగా కొలవడం కుదరదు, ఐదే పట్టుకో ఆరోది వద్దు అని పొడికి చెప్పలేం కదా. అందుకని రెండు దార్లలో కరిగించి తీసేస్తాం. ఏ దారిలో వెళ్లినా మొత్తం వేడి ఒకటే అని 1840లో హెస్ చెప్పిన నియమం ఎందుకు పనికొస్తుందో నాకు ఆ రోజు అర్థమైంది. చల్లారిన తెల్లపొడి మీద డ్రాపర్‌తో ఒక్క చుక్క వేస్తే, చుక్క పడ్డ చోట "సుయ్" మని నీలి మచ్చ పరుచుకుంటుంది. గిన్నె అడుగు వేలికి వెచ్చగా తగులుతుంది. వీలైతే ఒకసారి చూడండి.

#28 ఎంపీసీ_చిన్నోడు
వెంకన్న గారూ, మీరు చెప్పింది ఇవాళ చేశాను. అదే బీకర్. బీకర్‌లో నీళ్లు 30.0, వేడి నీళ్లు 50.0. కలిపాక 40 రాలేదు, 38.5 దగ్గర ఆగింది.

వేడి నీళ్లు ఇచ్చింది (50 × 4.18 = 209): 209 × 11.5 = 2403
చన్నీళ్లు తీసుకుంది: 209 × 8.5 = 1776
తేడా 627. బీకర్ 8.5 డిగ్రీలు పెరిగింది కాబట్టి 627 ÷ 8.5 = డిగ్రీకి 74 జౌళ్లు.

ఇప్పుడు సాల్ట్ అన్న చెప్పినట్టు ద్రావణం బరువు వేసి, దానికి బీకర్‌ది కలిపాను. 110.7 × 4.18 = 462.7. దానికి 74 కలిపితే 536.7. 5.5తో గుణిస్తే 2952. 0.2తో భాగిస్తే 14.76!!!

వచ్చేసింది! రీడింగ్ ఒక్కటి కూడా మార్చలేదు!

#29 నిమ్మసోడా
శభాష్ రా తమ్ముడూ! పార్టీ ఎప్పుడు?

#30 సాల్ట్_అనాలిసిస్
నేను #2లో చెప్పిందే. ద్రావణం బరువు.

#31 రిటైర్డ్_మాస్టారు
సంతోషమే. కానీ ఒక్క నిమిషం ఆగు నాన్నా, నాకు మనసొప్పడం లేదు.

గోదారి గట్టు గారు #5లో అన్న మాటని మనం దాటేశాం. ఉప్పు కరిగిన నీళ్ల విశిష్టోష్ణం 4.18 ఉండదు, తగ్గుతుంది. అయాన్లు తమ చుట్టూ నీటి అణువుల్ని బిగించి పట్టుకుంటాయి, అవి మునుపటంత స్వేచ్ఛగా కదలలేవు. పల్చటి ద్రావణాల్లో చాలా లవణాలకు ఈ తగ్గుదల ఎంత ఉంటుందంటే, ఉప్పు వల్ల పెరిగిన బరువుని దాదాపు కొట్టేస్తుంది. 110.7 గ్రాముల ద్రావణాన్ని ఒక డిగ్రీ దించడానికి అయ్యే వేడి 462 కాదు, 100 గ్రాముల ఉత్త నీళ్లకి అయ్యే 418కి దగ్గర. కొన్ని పుస్తకాల్లో నీళ్ల బరువే వేయడం బద్ధకం కాదు, దాని వెనక కారణం ఉంది.

అలా వేస్తే నీ లెక్క 418 + 74 = 492. 5.5తో గుణించి 0.2తో భాగిస్తే 13.5. అంటే ఇంకా 1.3 ఎక్కడో పోయింది. నీకు 14.76 రావడానికి కారణం, ఒక చోట ఎక్కువ వేశావు, ఇంకో చోట తక్కువ పడింది, రెండూ కలిసి సర్దుకున్నాయి.

#32 ఎంపీసీ_చిన్నోడు
అయ్యో. నిజంగానే వచ్చిందనుకున్నాను. ఆ 1.3 ఎక్కడ పోయినట్టు?

#33 సాల్ట్_అనాలిసిస్
మాస్టారూ, ఆ తగ్గుదల నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు టేబుల్ తీసి చూశాను, ఉప్పునీళ్లది నిజంగానే తక్కువ. నా #30 వెనక్కి తీసుకుంటున్నా.

#34 ల్యాబ్_వెంకన్న
1.3 గాలిలోంచి వచ్చింది బాబూ. నీ గది 30 డిగ్రీలు, నీ బీకర్ 24. మూత లేదు, పైన ఫ్యాను. నువ్వు కలుపుతున్నంతసేపూ బయటి వేడి లోపలికి వస్తూనే ఉంది. ఎన్ని నిమిషాలు కలిపావు?

#35 ఎంపీసీ_చిన్నోడు
నాలుగు నిమిషాల దాకా. అడుగున గడ్డలు కరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

#36 ల్యాబ్_వెంకన్న
అదీ సంగతి. మళ్లీ చేసే వీలుంటే ఇలా చెయ్యి. టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ గడ్డ తీసుకుని, పల్చటి ప్లాస్టిక్ గ్లాసు పట్టేలా గుంట చెయ్యి. మూతకి కూడా థర్మాకోల్ ముక్కే, థర్మామీటర్‌కి చిన్న రంధ్రం. ఉప్పును ముందు మెత్తగా నూరు, ఎండలో కాసేపు పెట్టి ఆరనివ్వు. 0.1 డిగ్రీ గీతలున్న థర్మామీటర్ ల్యాబ్‌లో ఒకటైనా ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఫ్యాను ఆపు.

ముందు మూడు నిమిషాలు నీళ్ల ఉష్ణోగ్రత అర నిమిషానికోసారి రాయి. మూడో నిమిషంలో ఉప్పు వెయ్యి. తర్వాత పది నిమిషాల దాకా రాస్తూనే ఉండు. అట్టడుక్కి దిగాక మెల్లగా పైకి పాకుతుంది. ఆ పాకే గీతని గ్రాఫులో వెనక్కి, మూడో నిమిషం దాకా పొడిగించు. అక్కడ తగిలేదే, బయటి వేడి రాకపోయుంటే దిగాల్సిన ఉష్ణోగ్రత.

#37 చరిత్ర_పిచ్చి
ఈ చల్లదనం మీద బతికిన రాజదర్బారు ఒకటి ఉంది. అక్బరు కాలంలో సురేకారంతో తాగే నీళ్లు చల్లబరిచేవారు. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో పద్ధతి రాశాడు. సేరు నీళ్లు ఒక కూజాలో పోసి మూతి బిగిస్తారు. వేరే పాత్రలో ఐదు సేర్ల నీళ్లకి రెండున్నర సేర్ల సురేకారం కలిపి, అందులో కూజాని పావుగంట తిప్పుతారు. ఎవరైనా లెక్క కడతారా? ఎంత దిగి ఉంటుంది?

#38 కోచింగ్_లెక్చరర్
నేను కడతాను, ఇది ఆసక్తిగా ఉంది. సురేకారం అంటే పొటాషియం నైట్రేట్, అణుభారం 101, మోల్‌కి +34.9. గ్రాముకి 346 జౌళ్లు గ్రహిస్తుంది. వాళ్ల పాళ్లు 100కి 50. మొత్తం కరిగితే 17,280 జౌళ్లు, 150 × 4.18తో భాగిస్తే 27.6 డిగ్రీలు దిగాలి.

కానీ మొత్తం కరగదు. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లు 31.6 గ్రాముల సురేకారాన్నే కరిగిస్తాయి, చల్లబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది. కరిగితే చల్లన, చల్లబడితే కరగడం ఆగిపోతుంది. 25 గ్రాములు కరిగిందనుకుంటే 16.5 డిగ్రీలు దిగుతుంది, 30 నుంచి 13.5కి. ఆ ఉష్ణోగ్రతలో కరగగలిగింది కూడా 25కి అటూ ఇటూనే. అంటే ఆట అక్కడ ఆగుతుంది. కూజాలో నీళ్లని కూడా చల్లబరచాలి కాబట్టి తాగే నీళ్లు ఇంకో రెండు డిగ్రీలు పైనే ఉంటాయి. అయినా ఆగ్రా ఎండల్లో అది అమృతం.

#39 చరిత్ర_పిచ్చి
ఆ నీళ్లని ఎండబెడితే సురేకారం మళ్లీ చేతికొస్తుంది కదా. ఎండ పుణ్యమా అని చల్లటి నీళ్లు! ఈ లెక్క నాకు చాలా నచ్చింది, దాచుకుంటున్నా.

#40 నిమ్మసోడా
చిన్నోడు అమ్మోనియం నైట్రేట్‌తో చేస్తే? అది 25.7 కదా, నవాసారం కంటే బాగా దిగుతుంది, కొలవడం తేలిక.

#41 ల్యాబ్_వెంకన్న
వద్దు. అది పేలుడు పదార్థాల కింద వస్తుంది. 2012 నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా కొనకూడదు, దాచకూడదు. పిల్లవాడికి నవాసారం చాలు.

#42 ఎంపీసీ_చిన్నోడు
ఇవాళ శనివారం, మా సర్‌ని అడిగి మళ్లీ చేశాను. ఆయనే పక్కన కూర్చుని స్టాప్‌వాచ్ పట్టుకున్నారు. టీవీ థర్మాకోల్, ప్లాస్టిక్ గ్లాసు, 0.1 థర్మామీటర్, ఫ్యాను ఆపి.

ముందు గ్లాసు సంగతి: 30.0, 50.0 కలిపితే 39.8. 209 × 0.4 = 83.6, దాన్ని 9.8తో భాగిస్తే డిగ్రీకి 8.5 జౌళ్లు. బీకర్ 74 తాగింది, ఇది 8.5!

ఉప్పు నూరి వేశాను, నిమిషంన్నరలో కరిగింది. 29.5 నుంచి 22.7కి దిగి, తర్వాత మెల్లగా పైకి పాకింది, వెంకన్న గారు చెప్పినట్టే. గీతని మూడో నిమిషానికి పొడిగిస్తే 22.5. తేడా 7.0.

418 + 8.5 = 426.5. 7.0తో గుణిస్తే 2985. 0.2తో భాగిస్తే 14.9.

ద్రావణం బరువుతో కూడా చేశాను: 462.7 + 8.5 = 471.2, దాంతో 16.5 వస్తోంది. మాస్టారు చెప్పింది ఇక్కడ కనిపించింది. బయటి వేడి ఆగేసరికి, ఎక్కువ వేసింది ఎక్కువగానే తేలింది.

#43 రిటైర్డ్_మాస్టారు
చాలా సంతోషం నాన్నా. గ్రాఫు గీత పొడిగించడంలో 0.1 అటూ ఇటూ అయినా జవాబు 0.2 మారుతుంది, కాబట్టి 14.9 అంటే 14.8కి ఆనుకుని ఉన్నట్టే. రికార్డులో ఏం రాస్తున్నావు?

#44 ఎంపీసీ_చిన్నోడు
రెండూ రాశాను. ఎడమ పేజీలో బీకర్‌తో వచ్చిన 11.5, కుడి పేజీలో 14.9, మధ్యలో ఎందుకు మారిందో. సర్ చదివి, మిగతా ముగ్గుర్నీ కూడా సోమవారం మళ్లీ చేయమన్నారు. వాళ్లు నామీద కోపంగా ఉన్నారు.

#45 సూర్యాపేట_రైతుబిడ్డ
ఆ థర్మాకోల్ గడ్డ వాళ్లకి కూడా ఇయ్యి తమ్మీ, కోపం పోతది.

#46 ఎంపీసీ_చిన్నోడు
ఇస్తానన్నా. ఉప్పు కూడా నూరి ఆరబెట్టి ఉంచాను, నాలుగు గ్లాసులకి సరిపోయేంత.